వాద్యబృందము కొనదగినదా? పెంచదగినదా?

పాఠశాల వార్షికోత్సవము సమీపించినపుడెల్ల ఉపాధ్యాయుల సమావేశమున ఒక ప్రశ్న తప్పక వచ్చుచుండును. ఈ యేటి సంగీతమునకు ఏమి యేర్పాటు? పట్టణమునుండి మేళమును పిలిపింతమని కొందఱందురు. పాటలను ముందుగా రికార్డు చేసి లౌడుస్పీకరులో వేసిన చాలునని కొందఱందురు. వచ్చినంతవఱకు మన పిల్లలచేతనే వాయింపింతమని మఱికొందఱందురు. చూచుటకు ఇది యొక్క సాయంకాలమునకు సంబంధించిన చిన్న విషయము. కాని నా యభిప్రాయమున ఇది ముప్పది యేండ్ల విషయము. దీనికి మనమిచ్చు సమాధానమును బట్టియే ఈ సీమలో ఒక వాద్యబృందము పుట్టుటయో, పుట్టకుండుటయో నిర్ణయింపబడును. కావున ఇతర దేశములందును మన దేశమునందును పెద్ద వాద్యబృందములు ఎట్లు పుట్టినవో, ఏవి నిలిచినవో, ఏవి చెదరిపోయినవో పరిశీలించి, మన పాఠశాల చేయదగిన పనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సింఫనీ వాద్యబృందమనగా ఎనుబది మొదలు నూఱుమంది వఱకు వాద్యకారులు గల సమూహము. ఇందు నాలుగు తెగలు గలవు. ఫిడేలు, వయోలా, చెల్లో, డబుల్ బాస్ అను తంత్రీవాద్యములది మొదటి తెగ. బృందములో సగమునకు మించినవారు వీరే. ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్ మొదలగునవి ఊదెడు వాద్యములలో మృదువైనవి. ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్, ట్యూబా అనునవి ఇత్తడి బాకాలు. భేరీలు, పెద్ద తాళములు మొదలగునవి నాలుగవ తెగ. వాయించుటకు పూర్వము ఓబో వాయించువాడు ఒక స్వరమును పలికింపగా, తక్కినవారందఱును దానికి శ్రుతి కలుపుకొందురు. ఒక్కొక్కని యెదుట వాని భాగము మాత్రమే వ్రాసిన కాగితముండును. అందఱి భాగములును గల గ్రంథము సారథి యెదుట నుండును. తన వంతు రానపుడు తాళము లెక్కపెట్టుచు ఊరకుండుట కూడ వాద్యకారుని పనియే. మన కచేరీలో ఒక విద్వాంసుని ప్రతిభ ప్రధానము. ఇచట పలువురి క్రమశిక్షణ ప్రధానము. ఒకటి గొప్పది, ఇంకొకటి తక్కువ యనుట నా యుద్దేశము కాదు. క్రమశిక్షణ గల నూఱుమంది ఒక్కనాటిలో దొరకరని మాత్రము చెప్పుచున్నాను.

ఐరోపాలో సైతము ఇట్టి బృందములు ఒక్కనాటిలో వెలయలేదు. జర్మనీ దేశములోని లైప్జిగ్ నగరమున 1743వ సంవత్సరమున పదునాఱుగురు పురప్రముఖులు ధనము చేర్చి, పదునాఱుగురు వాద్యకారులతో ఒక సంగీత సమాజమును ప్రారంభించిరి. ఆ సమాజము 1781లో బట్టల వర్తకుల మందిరములోనికి మారినది. గెవాంధౌస్ అను పేరునకు ఆ మందిరమనియే యర్థము. ధర్మవరపు పట్టుచీరల నెఱిగిన మనకు, బట్టల వర్తకుల కప్పు క్రింద సంగీతము పెరిగెననిన వింత తోచకూడదు. 1835లో మెండెల్సన్ అను సంగీతకర్త ఆ బృందమునకు సారథియై, 1843లో అదే నగరమున ఒక సంగీత విద్యాలయమును స్థాపించెను. బృందములో వాయించువారే అచట బోధింపసాగిరి. అచట నేర్చినవారు మరల వాద్యకారులైరి. పదునాఱుగురితో పుట్టిన ఆ బృందము నేటికిని జీవించియున్నది. ధనికుల చందాలు దానిని పుట్టించెను గాని, ఇన్ని తరములు నిలిపినది బోధనయే.

మన దేశమునకు ఫిడేలు పరాయిదే. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడగు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున ఒక ఐరోపా వాద్యకారుని యొద్ద దానిని నేర్చి, కర్ణాటక సంగీతమునకు అనువుపఱచెను. ఇప్పుడు ఫిడేలు లేని కచేరీ అరుదు. తెలుగుదేశమున ఈ వాద్యమునకు వేరూనినచోటు విజయనగరము. అచట 1919లో మహారాజా విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పగా, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులైరి. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వాదనమును విని, వారిని ఆచార్యులుగనే నియమించిరని ప్రతీతి. వారి చూపు మందము. అయినను 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులై, తెలుగునాట ఫిడేలు శిష్యపరంపరను పెంచిరి. రాజుగారి సంస్థానము పోయినది. కళాశాల నిలిచియున్నది.

ఆ 1919వ సంవత్సరముననే, ఫిబ్రవరి మాసమున, మన రాయలసీమలోని మదనపల్లెలో ఇంకొక సంగతి జరిగినది. అచటి థియొసాఫికల్ కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ ఠాగూరుగారు జనగణమన గీతమును పాడగా, ఐరోపా సంగీతమును శాస్త్రీయముగ నభ్యసించిన మార్గరెట్ కజిన్స్ దొరసాని దాని వరుసను స్వరలిపిలో వ్రాసికొనెను. ఆ గీతము 1950 జనవరి 24వ తేదిని జాతీయ గీతముగా స్వీకరింపబడినది. కంఠమునుండి కంఠమునకు పోవు పాట పది తీరులుగ మాఱవచ్చును. వ్రాతలో నున్న వరుసను వేయిమంది ఒక్కరీతిగ పాడవచ్చును, వాయింపవచ్చును. పలువురు కలిసి వాయించుటకు స్వరలిపి పునాది. అట్టి పని ఈ ఎండసీమలో జరిగెననుట మన విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

ఇక చెదరిన ప్రయత్నములను చూతము. బొంబాయి నగరమున 1935లో మెహ్లీ మెహతా అను పార్శీ ఫిడేలు విద్వాంసుడు సింఫనీ వాద్యబృందమును స్థాపించెను. పార్శీలు, గోవా క్రైస్తవులు, ఐరోపానుండి వచ్చిన యూదులు మొదలగువారు అందు వాయించిరి. సారథులలో జగద్విఖ్యాతుడైన జుబిన్ మెహతా ఆయన కుమారుడే. ఇంతటి బృందమైనను, వెనుక నుండి క్రొత్తవారిని పంపు విద్యాలయము దానికి బలముగ లేకపోయెను. ఆయన 1955లో ఇంగ్లండునకు వెడలిపోయిన పిదప ఆ ప్రయత్నము స్థిరముగ నిలువలేదు. అదే మెహతాగారు 1964లో అమెరికాలోని లాస్ ఏంజిల్స్ నగరమున యువజనుల సింఫనీని స్థాపించి, 1998 వఱకు దానికి సారథియై యుండిరి. తొంబది యేండ్లు సమీపించు వఱకు ఆయన పడుచువారికి నేర్పుచుండిరి. కలకత్తాలోనైతే ఫిలిప్ సాండ్రే అను సంగీతాచార్యుడు 1915లో ఒక సంగీత పాఠశాలను నెలకొల్పెను. ఆయన పోయెను, ఆంగ్లప్రభుత్వము పోయెను. పాఠశాల మాత్రము నేటికిని నడచుచున్నది.

బొంబాయి బృందములకును, ఆ పిదప హిందీ చలనచిత్రముల సంగీతమునకును వాద్యకారులు ఎక్కడనుండి వచ్చిరి? అనేకులు గోవానుండి వచ్చిరి. పోర్చుగీసువారి యేలుబడిలో గోవా గ్రామములలోని దేవాలయములకు చేరి చిన్న పాఠశాలలుండెడివి. అచట పేదవాని కుమారుడు సైతము స్వరములు చదువుటయు, ఫిడేలు పట్టుటయు నేర్చుచుండెను. ఆదివారపు ఆరాధనకు పనికివచ్చుటకై నేర్చిన విద్య, పెద్దవాడైన పిదప వానికి బొంబాయిలో అన్నము పెట్టినది. అట్టి వారిలో ఒకడగు ఆంథొనీ గొన్సాల్వెస్ 1958లో బొంబాయిలో మన దేశపు రాగములను సింఫనీ బృందముచేత వాయింపించెను. ఆ బృందమునకు ముడిసరకు ఏ ధనికుడును కొని యిచ్చినది కాదు, పల్లె పాఠశాలలు పెంచి యిచ్చినది. మిషను పాఠశాలల వారమగు మనము ఈ విషయమును తలపోయవలెను.

2006లో ముంబయిలోని జాతీయ లలితకళా కేంద్రము వారు సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను నెలకొల్పిరి. ఖుష్రూ సంతూక్ అను వారు దీనికి కర్త. కజకిస్తాను దేశపు ఫిడేలు విద్వాంసుడగు మరాత్ బిసెన్‌గలియెవ్ సంగీత నిర్దేశకుడు. మొదటి సంవత్సరములలో వాద్యకారులలో అధికులు విదేశములనుండి వచ్చినవారే. ఆ బృందము 2019లో బ్రిటను దేశమునకు పోయి కచేరీలు చేసి పేరు తెచ్చుకొన్నది. కాని దాని పెద్దలకు లోపము తెలియకపోలేదు. 2012లో వారు పిల్లలకు సంగీత శిక్షణ నారంభించిరి. అనగా వారును మొదట బృందమును తెచ్చి, పిదప పాఠశాల నుంచిరి. ధనమున్నవారికి అది సాధ్యము. మన బోటివారికి ఆ క్రమము సాధ్యము కాదు. పాఠశాలయే మొదలు కావలెను.

సింఫనీ యనిన పాశ్చాత్యమే కానక్కఱలేదు. ఆకాశవాణి వారు 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందము నేర్పఱచి, పండిత రవిశంకరు గారిని సారథిగ నియమించిరి. వీణ, సితారు, ఫిడేలు, పిల్లనగ్రోవి, మృదంగము అందు కలిసి పలికినవి. ద్రాక్షారామమున జన్మించిన మన తెలుగు వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు ఆ బృందమునకు సారథ్యము వహించిన వారిలో నొకరు. మన వాద్యములతోను, మన రాగములతోను పలువురు కలిసి వాయించుట సాధ్యమేయని వీరు చూపిరి.

ఈ చరిత్రయంతయు మన మండలపు వారికి ఒక్క మాటలో తెలియజెప్పవచ్చును. ఎండకాలమున ట్యాంకరు వచ్చిననాడు బిందెలు నిండును. రానినాడు బిందెలు బోర్లించి కూర్చుందుము. బుక్కరాయసముద్రపు చెరువును త్రవ్వించినవారు గతించి ఆఱు శతాబ్దములు దాటినది. వాన కురిసిన యేడెల్ల అందు నీరు నిలుచుచునే యున్నది. పట్టణమునుండి మేళమును పిలిపించుట ట్యాంకరును పిలిపించుట వంటిది. పిల్లలకు నేర్పుట చెరువు త్రవ్వుట వంటిది. కరవు సీమలో పుట్టిన మనకు ఈ రెంటి భేదమును ఇతరులు చెప్పనక్కఱలేదు.

ఇట్టి పని పేదలయందు సాగునా యని సందేహింపవచ్చును. హిమాలయముల యొద్ద కాలింపాంగులో కెనడా దేశస్థుడగు ఎడ్వర్డ్ మెగ్వైర్ అను జెస్యూటు గురువు 1993లో గాంధీ ఆశ్రమ పాఠశాలను స్థాపించెను. అందు చదువువారు భూమిలేని కూలీల పిల్లలు. ఆయన వారి చేతికి పలకలతోబాటు ఫిడేళ్లు నిచ్చెను. ఆ పిల్లలు కూడి వాద్యబృందముగ వాయింప నేర్చిరి. కొందఱు విదేశములకేగి సంగీత విద్యను కొనసాగించిరి. దక్షిణ అమెరికాలోని వెనెజులా దేశమున హోసే అంటోనియో అబ్రేయు అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1975లో ఒక మోటారు షెడ్డులో పదునొకండుగురు పడుచువాద్యకారులతో అభ్యాసము ప్రారంభించెను. ఆ ఉద్యమము దేశమంతట వ్యాపించి లక్షలమంది బాలబాలికలకు వాద్యవిద్య నిచ్చినది. అందు పెరిగిన గుస్తావో దుదమెల్ 2009లో లాస్ ఏంజిల్స్ నగరపు మహావాద్యబృందమునకు సారథియయ్యెను. రెండుచోట్లను మొదట నున్నది ధనము కాదు. వదలిపోని ఉపాధ్యాయుడు, క్రమము తప్పని అభ్యాసము.

ఇపుడు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలెను. తలిదండ్రులు చెప్పు మాటలను నేను తేలికగ తీసికొనుట లేదు.

మొదటి ఆక్షేపణ: వాన లేని సీమలో వాద్యములకు ధనమెక్కడిది? మన మండలమున సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియు వేరుసెనగకు కావలసిన వేళకు కురియదు. నిజమే. కాని ఇదే సీమలో, ధర్మవరపు చెంతనున్న నిమ్మలకుంటలో, తోలుబొమ్మల విద్య తరతరములుగ నిలిచినది. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆ కుటుంబములు ధనికములు కావు. తండ్రి కుమారునకు నేర్పుట మానలేదు, అంతియే. అట్లే మన మండలమునకు వన్నె తెచ్చిన ఉరుముల వాద్యము ఏ సంస్థానపు ధనముచేతను నిలువలేదు.

రెండవ ఆక్షేపణ: ఇది మనది కాదు. ఫిడేలు మనదైన విధమును పైన చెప్పితిని. నేను కోరునది లైప్జిగ్ బృందమునకు నకలు కాదు. ఫిడేళ్ల ప్రక్కన పిల్లనగ్రోవి యుండవచ్చును. డోలు, తప్పెట, ఉరుము ఉండవచ్చును. ఉరుములు వాయించు పెద్దలు మన విద్యార్థుల బంధువులలోనే గలరు. వారిని పాఠశాలకు పిలిచి, గురువులకు తగిన గౌరవముతో కూర్చుండబెట్టి, పిల్లలకు తాళము నేర్పుమని యడుగుటలో మనకు లోపమేమి? ఇంతకాలము వారిని మనము పిలువకపోవుటయే వింత.

మూడవ ఆక్షేపణ: పదవ తరగతి పరీక్షలు. సంగీతమునకు పోయిన గంట గణితమునకు తగ్గునని తలిదండ్రుల భయము. ఆ భయము వెనుక పిల్లవాని జీవనోపాధి యున్నది గాన దానిని పరిహసింపరాదు. కాని తాళము తప్పక లెక్కపెట్టుట, చూచినది తప్పక చదువుట, ఇతరులు వాయించునది వినుచు తన పని చేయుట, తప్పుపోయినపుడు ఆగక మరల కలిసికొనుట, ఇవి పరీక్షకు శత్రువులు కావు. వారమునకు రెండు గంటలు సెల్ ఫోనునుండి తీసికొందము, గణితమునుండి కాదు.

నాలుగవది అన్నిటికన్న బరువైనది. వానలు తప్పిన యేట కుటుంబములు బెంగుళూరునకును ఇతర ప్రాంతములకును పనికై తరలిపోవును. సగము నేర్చిన పిల్లవాడు నడుమ వెడలిపోయిన బృందమెట్లు నిలుచును? దీనికి పూర్తి పరిహారము పాఠశాల చేతిలో లేదు. అయినను ఒకటి చేయవచ్చును. వాద్యము పాఠశాలదిగ నుండవలెను, పిల్లవానిది కాదు. ఒకడు పోయిన స్థానమున ఇంకొకడు కూర్చుండుటకై ప్రతి భాగమును ఇద్దఱు నేర్చియుండవలెను. పోయినవాడు తిరిగి వచ్చిననాడు వాని కుర్చీ వానికుండవలెను. వలసపోయిన పిల్లవానికి తిరిగి బడికి రావలెనను కోరిక పుట్టించుటకు, తన కొఱకు ఖాళీగ నుంచిన కుర్చీ యొక కారణము కావచ్చును.

మన వేదగ్రంథమున దీనికొక యాదర్శము గలదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథము ఇరువదియైదవ అధ్యాయమును చదువుడు. దావీదు రాజు దేవాలయ సేవకై తాళములు, స్వరమండలములు, సితారలు వాయించువారిని ఏర్పఱచిన విధము అందు వ్రాయబడియున్నది. శిక్షణ పొందినవారు 288 మంది. వారిని ఇరువది నాలుగు వంతులుగ విభజించిరి. ఒక్కొక్క వంతునకు పండ్రెండుగురు. పిన్న పెద్ద యని గాని, గురువు శిష్యుడని గాని భేదము లేక చీట్లు వేసి వంతులు నిర్ణయించిరి. గుడి కట్టక పూర్వమే వాద్యకారులను సిద్ధపఱచిరని గమనింపుడు. భవనము పిదప కట్టవచ్చును. మనుష్యులను ముందు తీర్చవలెను.

కావున నా సూచనలివి. పండ్రెండుగురితో మొదలిడుదము. ఆ సంఖ్యకు దేవాలయమే ప్రమాణము. ఆఱవ తరగతినుండి పిల్లలను చేర్చుకొని, వారమునకు రెండు గంటల అభ్యాసమును పరీక్షల వేళను సైతము రద్దు చేయకుండ నడుపుదము. వార్షికోత్సవమునకు మేళమును పిలిపించు రుసుమును ఇకమీదట ఫిడేలు తీగలకును, వాద్యముల మరమ్మతునకును వినియోగింతము. తొమ్మిదవ తరగతివాడు ఆఱవ తరగతివానికి నేర్పవలెనను నియమము పెట్టుదము. నేర్చిన ప్రతి పాటను స్వరలిపిలో వ్రాసి పాఠశాల గ్రంథాలయమున దాచుదము. మన పొడిగాలికి ఫిడేలు కొయ్య బిగిసి పగుళ్లు వాఱును, అతుకులూడును. కావున వాద్యమును కిటికీ యొద్ద ఎండలో నుంచక పెట్టెలో భద్రపఱచి, ఎండకాలమున తడిపి పిండిన స్పంజి ముక్కను చిల్లులు గల డబ్బీలో నుంచి పెట్టెలో నొక మూల పెట్టవలెను. ఇది చిన్న విషయమే గాని, ఇట్టి చిన్న విషయములను ఏండ్ల తరబడి మఱవకుండుటయే వాద్యబృందమును నిలుపును.

మొదటి సంవత్సరము మన పిల్లల వాదనము వినుటకు అంత యింపుగ నుండదు. ఆ సంగతి ముందే చెప్పుట మంచిది. శ్రుతి తప్పును, తాళము జాఱును. సభలో కూర్చున్న పెద్దలు పట్టణపు మేళమును తలచుకొందురు. ఆనాడు తలిదండ్రులు ఓపికతో వినవలెనని ప్రార్థించుచున్నాను. పది నిమిషములు వినిన చాలును. మఱుసటి యేడు పదునైదు నిమిషములు వినవచ్చును.

ప్రియ విద్యార్థులారా, ఈ వ్రాతను చదివిన మీలో కొందఱు పది పండ్రెండేండ్లకు ఉపాధ్యాయులగుదురు. మీరు పోయి పనిచేయు గ్రామమున ఒక్క ఫిడేలైన, ఒక్క పిల్లనగ్రోవియైన నేర్పగలవారై యుండుడు. మండలమున పది పాఠశాలలలో పండ్రెండుగురు చొప్పున పిల్లలు ఒకే స్వరలిపిని చదువగలిగిననాడు, వారిని ఒక్కచోట చేర్చుటకు ఒక సెలవుదినము చాలును. ఆనాడు ఈ సీమకు తన వాద్యబృందము కలుగును. దానిని ఎక్కడినుండియు పిలిపింపనక్కఱ యుండదు. తలిదండ్రులును, మిషను పెద్దలును, సహోపాధ్యాయులును ఈ విషయమును ఆలోచించి, రానున్న విద్యాసంవత్సరమునకు ముందే ఒక నిర్ణయమునకు రావలెనని కోరుచున్నాను. సర్వశక్తుడగు దేవుడు ఈ చిన్న ప్రయత్నమును ఆశీర్వదించుగాక.